వరసలో నిలబెట్టిన గుంజలు

మా జీడితోటలో దాదాపు ఏడాది పాటు ఇరవై ఒక్క గుంజలు ఉండేవి. కంచె గుంజలు కావు, ఇనుప కడ్డీలు. బొటనవేలంత లావు, నేల పైకి మూరెడు ఎత్తు, కొసన ఎర్ర రంగు. ఉద్దానం ఊళ్ళకు మంచినీళ్ళు తీసుకుపోయే పెద్ద గొట్టం మా తోటలోంచి, కొండవాలుకు అడ్డంగా పోతుంది. మనిషి లోతున మట్టి కింద ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు. ఆ గొట్టం కోసం పాతిన కడ్డీలవి. వాటిని కనిపెట్టుకుని ఉండే పని నాకు అప్పజెప్పారు. నేను చాలా బాగా చూసుకున్నాను. అంత బాగా చూసుకోకుండా ఉంటే బాగుండేది.

టెక్కలి నుంచి పలాస వెళ్ళే దారిలో బస్సు దిగి, కొండ వైపు గంటసేపు నడిస్తే మా తోట వస్తుంది. తోట అడుగున మా రేకుల ఇల్లు. దగ్గరి ఊరు అరగంట నడక. మా అత్తవారిది అక్కుపల్లి దగ్గర పల్లె. అక్కడ మాకు కొబ్బరితోట ఉండేది. ఒక తుపానుకి చెట్లన్నీ ఒకే వైపు తల పెట్టి పడుకున్నాయి. మా ఆయన వాటి మధ్య ఒక పూటంతా తిరిగి, సాయంత్రం ఇంటికి వచ్చి, "ఈ సముద్రం పక్కన మనకొద్దే. కొండకాడికి పోదాం. కొండైతే కదల్దు" అన్నారు. అలా ఇక్కడికి వచ్చాం. జీడిమొక్కలు ఆయనే నాటారు. నేను నీళ్ళు మోశాను. పిల్లలు లేరు మాకు. జీడిపిక్కల కాలంలో ఇద్దరం ఏరేవాళ్ళం, మిగతా కాలంలో నేను పలాసలో జీడిపప్పు పరిశ్రమకు పనికి పోయేదాన్ని.

అక్కడ నా పని పప్పు ఏరడం. గుండు, అంటే పగలని పప్పు, ఒక వైపు, బద్ద ఒక వైపు, ముక్క ఒక వైపు. ఇరవై ఏళ్ళు అదే పని చేస్తే కన్ను వేరేగా తయారవుతుంది. పళ్ళెంలో ఒక్క పలుకు తేడాగా ఉన్నా ముందు అదే కనపడుతుంది, చెయ్యి దానంతట అదే పోతుంది. ఇంట్లో కూడా అంతే. చాప మూల వంకరగా ఉంటే సర్దకుండా దాటలేను. మా ఆయన నవ్వేవారు. నన్ను ఏడిపించడానికి చెంబు కావాలని గూటి అంచున పెట్టి చూస్తూ కూర్చునేవారు.

తరవాత ఆయనకు కిడ్నీలు పోయాయి. మా వైపు ఇది కొత్త మాట కాదు, ఏ ఇంట్లో అడిగినా ఒకరి పేరు చెబుతారు. ఎందుకు వస్తుందో తేలలేదు. నీళ్ళ వల్లేనని కొందరు, కాదని కొందరు. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి టెక్కలి తీసుకెళ్ళేదాన్ని. వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టుకునేవారు, దిగే చోటు వచ్చిందని నేనే చెప్పాల్సి వచ్చేది. రెండేళ్ళు అలా జరిగింది. ఆయన పోయాక పరిశ్రమకు వెళ్ళడం కూడా మానేశాను, కళ్ళు మసకబారుతున్నాయని. కళ్ళు అంత మసకబారలేదు. నలుగురిలో కూర్చుని అందరితో పాటు నవ్వాలంటే ఓపిక లేకపోయింది.

గొట్టం వేసింది ఆ తరవాతే. తోటలో అడ్డంగా కందకం తవ్వి, గొట్టం దించి, పూడ్చి వెళ్ళారు. ఎక్కడో కొండల అవతల ఉన్న పెద్ద జలాశయం నుంచి ఉద్దానం దాకా ఈ నీళ్ళు. మా ఆడబిడ్డ ఇంటి కుళాయిలో ఆ నీళ్ళు వచ్చిన రోజు తను ఫోన్ చేసింది. తను ఇంకా ఆ పల్లెలోనే ఉంది. నాకంటే మూడేళ్ళు చిన్నది. తనకి కూడా రక్తంలో క్రియాటినిన్ పెరుగుతోందని, కిడ్నీలకు మంచిది కాదని డాక్టరు చెప్పి అప్పటికి కొన్ని నెలలైంది.

"వొదినా! మీ కొండ మీంచి వొచ్చిన నీల్లు తాగినానే!"

"ఎలాగున్నాయే?"

"ఎలాగుంతాయి, నీల్లలాగే ఉన్నాయి. కూడు మాత్రం బేగి ఉడికింది. పప్పయితే మెత్తగా అయిపోనాది. అన్నియ్య ఉంతే రెండోసారి అడుగుదుడు."

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను. తరవాత తనే, "లేకపోతే లేడు గానీ, నానున్నాను గదా, నాను రెండోసారి తిన్నాన్లే" అంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

కడ్డీలు పాతడానికి వచ్చిన ఇంజనీరు కుర్రవయసువాడు. గోదావరి అవతలి మనిషి. మాటకో అండి. మొదటి రోజు నన్ను అమ్మగారూ అన్నాడు, రెండో వారానికి పిన్నిగారు అయ్యాను. తోటకి ఆ చివర ఒక బండ, ఈ చివర ఒక బండ ఉన్నాయి, రెండూ కొండలోంచి పుట్టినవే. రెంటికీ మధ్య నైలాన్ తాడు లాగి, తాడు వెంబడి సూటిగా ఇరవై ఒక్క కడ్డీలు కొట్టించాడు. ప్రతి సోమవారం వచ్చి మళ్ళీ తాడు లాగి, కడ్డీకీ తాడుకీ మధ్య దూరం టేపు పెట్టి రాసుకుంటాడు.

"మీరు చేయాల్సిందల్లా ఏంటంటే పిన్నిగారూ, మేకలూ మనుషులూ వీటి జోలికి రాకుండా చూడాలండి. ఇవి వరసలో ఉన్నాయా లేదా అన్నదే మాకు ముఖ్యం."

"అంతేటి బాబూ?"

"అంతేనండి."

అంతే కదా అనుకున్నాను. ఎందుకు ముఖ్యమో నేను అడగలేదు, అడిగితే చెప్పేవాడే. ఆయన కూడా నాకు తెలిసే ఉంటుందనుకున్నాడు. కొండ పక్కన ఇన్నేళ్ళు బతికిన మనిషి కదా.

మొదటి నాలుగు నెలలు ఎండలు. కడ్డీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన వచ్చేవాడు, కొలిచేవాడు, రాసుకునేవాడు, "సున్నా, సున్నా, అన్నీ సున్నాయేనండి, శభాష్" అనేవాడు. ఆ శభాష్ నాకేననిపించేది. టీ తాగి, వాళ్ళ అమ్మ చేసే కూరల గురించి, తను ఉండే గదిలో నల్లుల గురించి చెప్పేవాడు. ఒక గంట ఉండేవాడేమో. వారంలో మిగతా ఆరు రోజులూ నేను మాట్లాడే మనిషి లేడు. ఆడబిడ్డతో ఫోను ఒకటి, అదీ తనకి ఒంట్లో బాగుంటేనే. సోమవారం పొద్దున్నే ఒకటికి రెండుసార్లు గొంతు సవరించుకునేదాన్ని. రోజుల తరబడి మాట్లాడకుండా ఉంటే మొదటి మాట బొంగురుగా వస్తుంది. ఆ బొంగురు ఆయన వినకూడదని నాకు పట్టుదల.

వానలు మొదలయ్యాయి. ఒక శనివారం పొద్దున తోటలోకి వెళ్తే మధ్యలో నాలుగైదు కడ్డీలు వరస తప్పి కనపడ్డాయి. ఎక్కువ కాదు, పదకొండోది రెండు వేళ్ళు కిందికి ఉంది, దాని పక్కవి వేలెడు వేలెడు. ఇంకొకరికైతే కనపడేది కాదు. నాకు కనపడకుండా ఎలా ఉంటుంది? ఎలుగుబంటి వచ్చి ఒళ్ళు రుద్దుకుని పోయిందనుకున్నాను. జీడిపళ్ళ కాలంలో మా వైపు ఎలుగులు తోటల్లోకి దిగుతాయి, చెట్లకీ గుంజలకీ వీపు రుద్దుకుంటాయి. పళ్ళ కాలం అయిపోయిందని నాకు తెలుసు. ఒకటి వెనకబడిందేమో అని సర్దిచెప్పుకున్నాను.

మా వైపు వానలు పడ్డాక ప్రతి ఇంటి ఆడమనిషీ చేసే పని ఒకటుంది. కంచె చుట్టూ తిరిగి, నాని వాలిన గుంజలను పెకలించి, మళ్ళీ నిటారుగా పాతి, మొదట్లో రాళ్ళు కొట్టడం. వాలిన గుంజ అలా వదిలేస్తే ఆ ఇంట్లో మనిషి లేదు అంటారు. మా అత్తగారు నాకు పెళ్ళైన మొదటి ఏడే నేర్పారు. చేతిలో సుత్తి పెట్టి, "ఒంకరగా ఉన్నదాన్ని సూసి ఊరుకుంతే నీ కల్లెందుకే?" అన్నారు.

నేను ఇంట్లోంచి కొబ్బరితాడు తెచ్చి, రెండు బండలకీ లాగి కట్టాను. వరస తప్పిన కడ్డీలను అటూ ఇటూ ఊపి పైకి లాగాను. తాడు కిందికి సరిగ్గా తెచ్చి సుత్తితో దిగ్గొట్టాను. పాత కన్నంలోకి ఎర్రమట్టి తోసి, తొక్కి, మీద జీడాకులు పరిచాను. సోమవారం ఆయన వచ్చి కొలిచాడు. సున్నా, సున్నా.

"ఇంత వానలో కూడానా! అయ్యబాబోయ్, భలే గట్టి నేలండి మీది."

నేను టీ పెట్టడానికి లోపలికి వెళ్ళాను. చేసిన పని చెప్పుకోవడం అలవాటు లేదు. పైగా ఎలుగు వచ్చిందంటే ఆయన రావడానికి భయపడతాడేమోనని ఒక భయం.

ఆ వానాకాలం అంతా అలాగే గడిచింది. వాన పడి ఆగిన ప్రతిసారీ తాడూ సుత్తీ పట్టుకుని వెళ్ళడమే. నాకు ఆ పని ఎంతో నచ్చిందని చెప్పాలి. చాలా రోజులకు ఎవరో ఒకరి కోసం ఏదో సర్దుతున్నట్టు ఉండేది. ఆయన మొహంలో ఆ తేలిక చూడటానికి వారం అంతా ఎదురుచూడొచ్చు.

చివరి వానలు వెళ్ళిపోతుండగా ఒక సోమవారం ఆయన టీ తాగుతూ అన్నాడు: "ఇంకో రెండు వారాలేనండి పిన్నిగారూ. ఆ తరవాత ఈ వాలు కదలడం లేదని రాసిచ్చేస్తాను. కడ్డీలు పీకేసి, నన్ను వేరే చోటికి వేస్తారు."

"కొండ కదలడమేటి బాబూ?"

ఆయన నవ్వి, నేల మీద పళ్ళెం పెట్టి, అందులో ఇంత తడిమట్టి వేసి, మట్టిలో అడ్డంగా ఒక చీపురుపుల్ల పూడ్చి, మట్టి మీద నిలువుగా అగ్గిపుల్లలు వరసగా గుచ్చాడు. పళ్ళెం ఒక వైపు ఎత్తి, పై నుంచి కొంచెం నీళ్ళు పోశాడు.

"కొండ జారడమంటే ఒక్కసారి కూలిపోవడమే కాదండి. పైన ఎర్రమట్టి, అడుగున జిగట సుద్ద. నీళ్ళు దిగి సుద్ద నానితే పైమట్టీ ఆ సుద్దా కలిసి మెల్లగా కిందికి దిగుతాయి. వేలెడు, రెండు వేళ్ళు. ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలీదు. మట్టితో పాటు లోపలి గొట్టం కూడా వంగుతుంది. వంగి వంగి ఒకనాడు అతుకు దగ్గర తెగిపోతుందండి. అప్పుడు ఉద్దానంలో ఎన్ని ఊళ్ళకో నీళ్ళుండవు. అది ముందే తెలుసుకోవడానికే కడ్డీలు. అవి వంకర పోతే కొండ కదిలినట్టు. మన అదృష్టం, ఒక్కటీ కదల్లేదు."

పళ్ళెంలో అగ్గిపుల్లలు మధ్యలో కిందికి వంగి, తిరగేసిన ఇంద్రధనుస్సులా నిలబడ్డాయి. పదకొండో కడ్డీ దగ్గర నేను చూసిన వంపు అదే. మట్టిలోంచి చీపురుపుల్ల కొస పైకి లేచింది. నేను పళ్ళెం తీసుకెళ్ళి కడిగేశాను. ఆయన వెళ్ళొస్తానండి అంటే తల ఊపాను. అంతకంటే నాకు చేతకాలేదు.

మూడు రోజులు ఏమీ చేయలేదు. ఎవరికి చెప్పాలి? చెబితే ఆయన నన్ను ఏమనుకుంటాడు? వాలు కదలడం లేదని ఆయన సంతకం పెట్టి పైకి పంపిన కాగితాలు ఎన్నో ఉంటాయి. ఆ కాగితాలన్నీ నా సుత్తి దెబ్బలే కదా. చెప్పకపోతే రెండు వారాల్లో కడ్డీలు పీకేస్తారు, అందరూ సంతోషంగా వెళ్ళిపోతారు, గొట్టం లోపల వంగుతూనే ఉంటుంది. ఆ మూడు రోజులు తోటలోకి వెళ్ళినప్పుడు కాళ్ళు నేల మీద నెమ్మదిగా పెట్టాను. కదలదని మా ఆయన తెచ్చి నన్ను కూర్చోబెట్టిన కొండ ఇది.

మూడో రోజు సాయంత్రం ఆడబిడ్డే ఫోన్ చేసింది. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిందట.

"ఏటన్నాడే?"

"పెరగలేదన్నాడు వొదినా. అక్కడే ఆగినాదంట. ఆ నీల్లే తాగుతుండు, సెరువు నీల్లు ముట్టుకోకు అన్నాడు. నీల్ల వల్లే ఆగినాదా అంతే మాత్రం సెప్పడు. నాకేటి, ఆగినాది గదా."

నేను గుమ్మంలోంచి తోట వైపు చూస్తున్నాను.

"ఏటే, ఉలకవు పలకవు? సంతోసం లేదేటి నీకు? నాను పోతే నా ఇత్తడి బిందెలు నీకొత్తాయని సూత్తన్నావా?"

అప్పుడు చెప్పాను, మొత్తం. అత్తగారి సుత్తి మాట నుంచి అగ్గిపుల్లల దాకా. తను మధ్యలో ఒక్క మాట కూడా అడ్డం రాలేదు, అది తన స్వభావమే కాదు. అంతా విని, "ఓలమ్మో" అంది. తరవాత, "మా అమ్మ సేసిన పనే ఇది. నీకు సుత్తి ఇచ్చింది గానీ ఎప్పుడు కొట్టకూడదో సెప్పలేదు" అంది. ఆఖరికి మెత్తగా, "ఆ బాబుకి ఫోన్ కొట్టు. కోప్పడతాడు. పడనీ. గొట్టం తెగిపోతే నానెవుల్ని కోప్పడాల?" అంది.

ఫోన్ చేశాను. "బాబూ, ఒకసారి రావాల."

"ఏమైందండి? ఒంట్లో బాగాలేదా?"

"ఫోన్లో సెప్పీది కాదు. రేపే రా."

మర్నాడు పొద్దున బండి మీద వచ్చాడు. టీ పెట్టలేదు. పెడితే చెప్పలేననిపించింది. కడ్డీల దగ్గరికి తీసుకెళ్ళి, పదకొండో దాని పక్కన నిలబడి, చెప్పేశాను. ఆయన భుజాన ఉన్న సంచి నేల మీదికి జార్చేశాడు.

"ఎన్నిసార్లు?"

అండి లేదు. అన్ని నెలల్లో ఆ మాట లేకుండా ఆయన నాతో మాట్లాడటం అదే మొదలు.

"దీన్ని నాలుగుసార్లు."

"నేను ఏం రాసి పంపానో తెలుసా మీకు? కదలిక లేదు, కదలిక లేదు అని... ఎవరన్నా ముట్టుకుంటారా వాటిని? మీకు కాపలా ఇచ్చింది ఎందుకు?" అన్నాడు. గొంతు పెద్దది చేశాడు గానీ ఏడుపు వచ్చేలా ఉన్నాడు. "ఇప్పుడు ఎంత కదిలిందో ఎలా తెలుస్తుంది? మళ్ళీ మొదట్నించి కొలవాలంటే ఇంకో వానాకాలం కావాలి. అప్పటిదాకా గొట్టం ఆగుతుందా?"

"నాను సెప్తాను బాబూ."

"ఏం చెబుతారు?"

"ఎంత కదిలిందో. రాసుకో."

ఆయన నమ్మలేదు. అయినా పుస్తకం తీశాడు. నేను మొదటి వాన నుంచి మొదలుపెట్టాను. ఏడోది ఒకేసారి, వేలెడు. ఎనిమిదోది రెండుసార్లు, ముందు వేలెడు, తరవాత రెండు వేళ్ళు. తొమ్మిదోది, పదోది. పదకొండోది మొదట రెండు వేళ్ళు, వినాయకచవితి ముందు పడ్డ వానకు బెత్తెడు, ఆ తరవాత మూడు వేళ్ళు, దసరాకి మళ్ళీ బెత్తెడు. పన్నెండు, పదమూడు... పద్దెనిమిది దాకా. మొదటి ఆరూ, చివరి మూడూ ఎప్పుడూ కదల్లేదు. పుస్తకంలో రాసుకునే అలవాటు నాకు లేదు. ఐదో తరగతితో చదువు ఆగింది. రాసుకోని మనిషికి మరిచిపోవడం కూడా అంత తేలిగ్గా రాదు. తెలియనిచోట తెలియదన్నాను. పద్నాలుగోది మూడోసారి వేలెడో రెండు వేళ్ళో గుర్తులేదు, ఆ రోజు జ్వరంగా ఉంది అన్నాను.

ఆయన అంతా రాసి, "పదకొండోది కలిపితే ఎంత?" అన్నాడు తనలో తను.

"జానెడు మీద వేలు" అన్నాను. నాలుగు వేళ్ళు బెత్తెడు, పన్నెండు వేళ్ళు జానెడు కదా.

ఆయన నాచేత ఇంట్లోంచి గునపం, పార తెప్పించుకుని, పదకొండో కడ్డీకి కింది వైపు నేల పలచగా చెక్కడం మొదలుపెట్టాడు. పై ఎర్రమట్టి జానెడు లోతు పోయాక బూడిదరంగు సుద్ద వచ్చింది. సుద్దను పారతో నున్నగా గీశాడు. అప్పుడు కనపడ్డాయి. కడ్డీ పీకినప్పుడల్లా పాత కన్నంలోకి నేను తోసిన ఎర్రమట్టి, సుద్ద మీద గుండ్రంగా బొట్టు పెట్టినట్టు. ఒకటి కడ్డీకి బెత్తెడు దూరంలో. ఒకటి దానికి మూడు వేళ్ళ కింద. ఇంకొకటి, దాన్ని ఆనుకుని మరొకటి. నాలుగు. ఆయన టేపు పెట్టి చూసి, నా చెయ్యి పట్టుకుని తన టేపు మీద నా వేళ్ళు ఆనించి కొలిచి, మళ్ళీ చూశాడు.

పుస్తకం తీసి నా లెక్క పక్కనే టేపు లెక్క రాసుకున్నాడు, రెండూ కలిశాయి.

"పైన ఎక్కడన్నా నేల నెర్రె ఇచ్చిందాండి?" అన్నాడు చివరికి. అండి తిరిగి వచ్చింది.

ఉంది. తోట పై అంచున కొడవలిలా వంగిన నెర్రె. మేక కాలు ఇరుక్కుంటుందని అందులో ఆకులూ రాళ్ళూ వేశాను, అదీ చెప్పాను. ఆకులు తీసి చెయ్యి పెడితే ఆయన మోచెయ్యి దాకా దిగింది.

ఆ వారంలోనే పెద్దవాళ్ళు వచ్చారు, యంత్రాలు వచ్చాయి. గొట్టంలో నీళ్ళు ఆపేశారు. ఉద్దానం అంతా ట్యాంకర్లతో నడిచింది ఆ రోజులు. ఆడబిడ్డ ఫోన్ చేసి, "మా ఈదిలో ఆడోల్లందరూ నిన్నే తిడతన్నారు వొదినా. నువ్వని తెల్దు గానీ, ఎవులో కొండకాడ తవ్వుతన్నారంట ఆల్లని. నానూ ఆల్లతో కలిసి తిట్టీసినాను, అనుమానం రాకుండా" అంది.

యంత్రం మట్టి తీస్తుంటే గొట్టం బయటపడింది. మధ్యలో కిందికి వంగి ఉంది, తడిబట్టలు ఆరేసిన దండెంలా. కొండ వైపు మట్టి తీసేసరికి లోపల ఎక్కడో మూలుగు లాంటి చప్పుడు వచ్చి, అది నా కళ్ళ ముందే పైకి కదిలింది, జానెడు కాదు గానీ బెత్తెడు. అందరూ వెనక్కి గెంతారు. ఇంజనీరు మాత్రం నవ్వాడు. పట్టు వదిలిందండి, తెగలేదు అన్నాడు. ఒక అతుకు మాత్రం సన్నగా చీలిక ఇవ్వబోతోందని గుర్తించి మార్చారు. ఇంకో వానాకాలం ఆగేది కాదని ఎవరో పెద్దాయన అన్నారు. నా వైపు చూడకుండా అన్నారు.

తరవాత గొట్టం చుట్టూ మట్టికి బదులు వదులు ఇసుక పోశారు. మట్టి మళ్ళీ జారినా ఇసుక గొట్టాన్ని గట్టిగా పట్టుకోదట, జారనిస్తుందట. పైన నెర్రె దగ్గర బరువు తగ్గించడానికి నేల చెక్కి తీశారు. నీళ్ళు సుద్దలోకి దిగకుండా వాలు పొడవునా రాళ్ళు నింపిన కాలువలు తవ్వి, చిల్లుల గొట్టాలు పెట్టి, అడుగున మా ఇంటి పక్కకి ఊట బయటికి వచ్చేలా చేశారు. ఆ కాలువల దారిలో పదకొండు జీడిచెట్లు కొట్టాల్సి వచ్చింది. అన్నీ నిండుగా కాసే చెట్లు. ఇంజనీరు వచ్చి అడిగినప్పుడు, కొట్టేయండి బాబూ అన్నాను. మా ఆయన నాటినవి అని చెప్పలేదు. చెబితే ఆ బాబు ఇంకో దారి వెతుకుతాడు, అది చుట్టుదారి అవుతుంది. కొట్టే రోజు నేను పలాస సంతకు వెళ్ళి, ఏమీ కొనకుండా తిరిగి వచ్చాను.

కడ్డీలు తీసేశారు. వాటి బదులు కొండలోకి లోతుగా ఒక సన్నటి గొట్టం దించి, మీద తాళం వేసిన పెట్టె పెట్టారు. నేల లోపల ఎంత కదిలినా అదే తెలుసుకుని ఎక్కడికో చెబుతుందట. దానికి కాపలా అక్కర్లేదు.

వెళ్ళిపోయే ముందు ఇంజనీరు కాగితాలు తెచ్చాడు. నేను చెప్పిన కొలతలు అచ్చులో ఉన్నాయి. వేళ్ళ లెక్క ఒక వైపు, తన లెక్క ఒక వైపు. అడుగున నన్ను సంతకం పెట్టమన్నాడు.

"నామీద కేసేటి బాబూ?"

"కాదండి. ఈ కొలతలు ఎవరిచ్చారో ఉండాలి కదండి. మీరిచ్చారని."

పెట్టాను. ఆయన టీ తాగాడు. నా వల్ల పైవాళ్ళ దగ్గర మాట పడ్డాడని నాకు తెలుసు, ఎంత పడ్డాడో తను చెప్పలేదు. ఎక్కడికి వేశారు బాబూ అంటే చాలా దూరం పేరు చెప్పాడు, ఘాట్ రోడ్డట. ఆరోగ్యం జాగ్రత్తండి పిన్నిగారూ అన్నాడు. బండి చప్పుడు కింద మలుపు దాకా వినపడింది.

నీళ్ళు మళ్ళీ ఉద్దానానికి పోతున్నాయి. ఆడబిడ్డ క్రియాటినిన్ ఆగిన చోటే ఉంది. నన్ను తన దగ్గరికి వచ్చేయమంటుంది. "ఆ కొండకాడ ఒక్కర్తివీ ఏటి సేత్తన్నావే? ఆ పెట్టే సూసుకుంతాది గదా!" అంటుంది. ఏం చేస్తున్నానో చెప్పడం కష్టం. ఇల్లు ఊడుస్తాను, పిక్కలు ఏరుతాను. తోటలో అడ్డంగా ఇసుక పోసిన చోట గడ్డి ఇంకా సరిగా పట్టలేదు, దాని మీద నడవను.

ఈ మధ్య మొదటి వానలు పడ్డాయి. ఇంటి పక్కకి వచ్చే ఊట గొట్టం మూతి దగ్గర జీడాకులు అడ్డం పడి నీళ్ళు సన్నగా వస్తున్నాయి. చెయ్యి ముందుకు వెళ్ళింది. ఆపుకున్నాను. లోపలికి వచ్చి ఇంజనీరుకి ఫోన్ చేశాను. నాలుగుసార్లు మోగాక ఎత్తాడు, వెనక యంత్రాల హోరు.

"బాబూ, నాను. ఊట గొట్టం మూతికి ఆకులు అడ్డం పడ్డాయి. తియ్యొచ్చా?"

ఆయన పెద్దగా నవ్వాడు. "తీయండి పిన్నిగారూ, అవి మాత్రం నిక్షేపంగా తీయండి. ప్రతిసారీ అడగక్కర్లేదండి, ఎప్పుడు అడ్డం పడితే అప్పుడు తీసేయండి." ఎవరో పిలిచినట్టున్నారు, ఉంటానండి అన్నాడు.

నేను వెళ్ళి ఆకులు తీశాను. నీళ్ళు ఒక్కసారిగా ఎర్రగా దూకి, కాసేపటికి తేటపడ్డాయి. ఆ తరవాత వానలకి ఎన్నోసార్లు తీశాను. ప్రతిసారీ అడగక్కర్లేదని ఆయనే చెప్పాడు కాబట్టి, మళ్ళీ ఫోన్ చేయడానికి నాకు కారణం ఏదీ దొరకలేదు.